నడివయస్సులో యోగారంభము



 ప్రసంగము ప్రారంభించుటకు ముందు ఒక్కమారు మీ చుట్టును చూడుడు. చాపల మీద పిల్లలు కూర్చున్నారు. గోడ వెంబడి కుర్చీలలో మనము కూర్చున్నాము. మనలో పలువురము 40, 50 ఏండ్ల వారము. ఇంకను వృద్ధులము కాము. అయినను నేల మీద కూర్చుండి లేచుట మనకు కష్టమైనది. సత్యనారాయణ వ్రతమున పీట మీద కూర్చుండవలసిన గృహస్థు కుర్చీ వేయుమనుచున్నాడు. సాష్టాంగము చేయవలసినవాడు తల వంచి సరిపెట్టుకొనుచున్నాడు. ఈ దేహము మన అదుపు నుండి ఎప్పుడు జారిపోయినది? దానిని మరల దారికి తెచ్చుకొనుటకు కాలము మించిపోయినదా? ఇదియే నేటి విషయము.

“మేము పొద్దస్తమానము కష్టపడువారము, మాకు వేరే వ్యాయామ మెందుకు?” అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఎమ్మిగనూరు చేనేతకు పేరు పొందిన ఊరు. మాచాని సోమప్పగారు 1938లో ఇచట నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పి ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టిరి. కాని గుంట మగ్గములో కూర్చున్న వాని దేహమును గమనింపుడు. కాళ్లు గుంటలో, చూపు పోగు మీద, నడుము ముందుకు వంగి, చేయి నాడె వెంట. ఆదోని పత్తి బజారులో గుమాస్తా లెక్కల పుస్తకము మీదికి వంగును. చేనిలో పత్తి తీయు తల్లి చెట్టు మీదికి వంగును. జిన్నింగు మిల్లులో పని చేయువాడు దూది ధూళిలో శ్వాసను కుదించుకొనును. వృత్తి దేహమును ఒక్క వైపునకే వంచును. వంచిన దానిని తిరిగి నిలుపదు. శ్రమ వేరు, సాధన వేరు. పని వంచిన వెన్నును నిలుపుటయు, కుదించిన శ్వాసను విప్పుటయు సాధన చేయవలసిన పని.

యోగ మనగానే కాళ్లు మెడ వెనుక వేసుకొనుట మన కండ్లకు కట్టును. పతంజలి మహర్షి యోగమునకు ఎనిమిది అంగములు చెప్పెను. మొదటివి యమ నియమములు; ఆసనము మూడవది మాత్రమే. దాదాపు 200 సూత్రములలో ఆసనమును గూర్చి చెప్పినవి మూడే. ఆసన మనగా కూర్చుండుట. అది కదలక, సుఖముగా నుండవలెనని మహర్షి యభిప్రాయము. గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మయు తిండిలో, నిద్రలో, పనిలో మితము పాటించువానికే యోగము దుఃఖమును పోగొట్టునని బోధించెను. కావున మనము పోగొట్టుకొన్నది గొప్ప విద్య కాదు. కదలక, సుఖముగా కూర్చుండుట; అంతియే.

ఇక వయస్సు మాట. 1899లో రీగా నగరమున పుట్టిన ఇంద్రాదేవి యను వనిత దాదాపు 40 ఏండ్ల ప్రాయమున మైసూరు చేరి, తిరుమల కృష్ణమాచార్యులవారిని విద్య నర్థించెను. ఆయన మొదట నిరాకరించిరి; మహారాజావారి మాట మీద అంగీకరించిరి. ఆమె నేర్చి, దేశదేశముల నేర్పి, 102 ఏండ్లు జీవించి 2002లో కన్నుమూసెను. బెల్జియము రాజమాత ఎలిజబెత్ 80 ఏండ్లు దాటిన పిదప బి.కె.యస్. అయ్యంగారు వద్ద శిష్యురాలయ్యెను. దూర దేశపు మాట లెందుకు? భోగియైన వేమన యోగి యాయెనని మన సీమలో తరతరములుగా చెప్పుకొనుచున్నాము. ఆదోనిలో లక్ష్మమ్మ అవ్వను మహాయోగి యని కొలుచుచున్నాము. ఆ పేరు అవ్వకు ఆసనముల వలన వచ్చినది కాదు.

నా సంగతి యొకటి మనవి చేయుదును. 49వ ఏట నేను పుస్తకములోని బొమ్మ చూచి మూడవ నాడే సర్వాంగాసనమునకు పూనుకొంటిని. మెడ పట్టివేసెను. పక్షము దినములు తల త్రిప్పలేకపోతిని. సిగ్గుపడి, ఇక ఈ వయస్సున మనకిది తగదని చాప చుట్టివేసితిని. నా యిల్లాలు నేతవారింటి ఆడపడుచు. ఆమె, “పోగు తెగితే ముడి వేసి మళ్లీ నేస్తారు గానీ, మగ్గం ఎవరైనా విప్పేస్తారా?” అనెను. ఆ మాట నన్ను నిలిపెను. తరువాత ఒక పెద్దవారి నాశ్రయింపగా, వారు నెల దినములు నాకు ఏ ఆసనమును చెప్పలేదు. గోడకు వెన్ను ఆనించి, మడిచిన దుప్పటి మీద కూర్చుండి ఊపిరిని గమనించుమనిరి. ఆ మరుసటి శ్రావణమున వ్రతము ముగియువరకు పీట మీద కూర్చుంటిని. పద్మాసనము నాకు నేటికిని పట్టుపడలేదు. పట్టుపడకున్నను లోటు లేదని తెలిసినది.

కావున ప్రారంభించువారికి కొన్ని మాటలు. మన ఎండలకు సూర్యోదయమునకు ముందే అనుకూలము. కడుపు ఖాళీగా నుండవలెను. భోజనమైన మూడు నాలుగు గంటల వరకు చేయరాదు. జంపఖానాయో, దుప్పటియో పరచుకొనుడు. తాడాసనముతో నిలుచుట, సుఖాసనముతో కూర్చుండుట, శవాసనముతో విశ్రమించుట మొదట నేర్వుడు. ఊపిరి బిగబట్టరాదు. కండరము సాగుట వేరు, కీలు నొచ్చుట వేరు; నొప్పి పొడిచినచో వెంటనే మానవలెను. రక్తపోటు, గుండె జబ్బు, కంటి నీటికాసులు, మెడ బాధ గలవారు శీర్షాసనము జోలికి పోరాదు. ఆయాసము గలవారు ముందుగా వైద్యుని చూడవలెను. యోగము పట్టితినని మాత్రలు మానుట భక్తి కాదు, మూర్ఖత. గురువు నెదుట నేర్చుకొనుడు. దినమునకు పావుగంట చాలును. కాని దినమును తప్పరాదు.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న చేసిన తీర్మానము ననుసరించి 2015 నుండి జూన్ 21 యోగ దినోత్సవమైనది. సంతోషమే. కాని ఏడాదికొక దినము నేసిన వస్త్రము ఎవరి ఒంటిని కప్పును?

దేహము దేవాలయమని నోటితో చెప్పుదుము. పాడుపడిన గుడిని ఉద్ధరించుటకు చందా లెత్తుదుము. ఈ గుడికి చందా అక్కరలేదు. తెల్లవారుజామున పావుగంట చాలును. రేపు లేచి, నేల మీద కూర్చుండుడు. గోడ ఆసరా కావలసిన తీసికొనుడు. ఒకనాడు రణమండల ఆంజనేయస్వామి కొండ మెట్లను ఆయాసము లేక ఎక్కి, ఆ స్వామి సన్నిధిని నేల మీద సుఖముగా కూర్చుండు భాగ్యము మీకందరకు కలుగు గాక!

శుభమస్తు.