ఒక స్టాపు – రెండు పేర్లు

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



గత వేసవి సెలవులలో మేము ఫిన్లండు రాజధానియగు హెల్సింకి నగరమున పది దినములు గడపితిమి. మా అల్లునికి అచ్చట ఉద్యోగము. ఆ నగరవీధులలో మేము నేర్చిన పాఠము నొకదానిని మీకు విన్నవింపదలచితిమి.

తొలిరాత్రి విమానాశ్రయమునుండి టాక్సీ ఎక్కితిమి. 2018 జూలై నుండి ఆ దేశమున టాక్సీల ధర ఎవరిది వారిదే. అందుచే ధరల వివరము బండి వెలుపలికి కనబడునట్లు అతికించియుందురు. దానిని చదివి, వరుసలో నచ్చిన బండి నెక్కవచ్చును. ముప్పది యేండ్లుగా పిల్లలకు “ప్రశ్నపత్రము పూర్తిగా చదువుడు” అని చెప్పుచున్న మేము దానిని చదువలేదు! తిరుగుప్రయాణమున అంతే దూరమునకు చాల తక్కువ అయినది.

మరునాటినుండి ట్రామునే నమ్ముకొంటిమి. మన ముంబయిలో 1964లో ట్రాములు నిలిచిపోయినవి. హెల్సింకిలో 1891లో గుర్రములతో మొదలై, 1900లో విద్యుచ్ఛక్తితో నడువసాగిన ట్రాములు నేటికిని తిరుగుచున్నవి. డ్రైవరు టిక్కెట్టు అమ్మడు. గడువు తీరులోపల ఆ టిక్కెట్టుతోనే బస్సు, మెట్రో, సువోమెన్లిన్నా దీవికి పోవు పడవ కూడ ఎక్కవచ్చును.

ఒకనాడు రేవు ప్రక్కనున్న అంగడి మైదానము కడ దిగవలసియుండెను. మా చీటిలో “కౌప్పతోరి” అని యున్నది. స్టాపు బోర్డుపై “కౌప్పతోరి”, “సాలుతోర్యెత్” అని రెండు పేర్లు! ఏది మాదో తోచక నిలిచితిమి. మనుమని చేయి పట్టుకొన్న ఒక వృద్ధురాలు, “రెండును ఇదే. మొదటిది ఫిన్నిషు, రెండవది స్వీడిషు. స్వీడిషు మా యింటి భాష” అని ఇంగ్లీషులో చెప్పినది.

ఆ నగరమున స్వీడిషు మాతృభాషగా గలవారు నూటికి ఆరుగురైనను లేరు. అయినను ప్రతి బోర్డుమీదను వారి భాష యున్నది. కారణము విచారించితిమి. ఒక పురమున అల్పసంఖ్యాక భాషవారు నూటికి ఎనమండుగురైనను, లేక మొత్తము మూడువేలమందియైనను ఉన్నచో అది ద్విభాషా పురమని అచ్చటి చట్టము. హెల్సింకిలో స్వీడిషునకు ఆ హక్కు నిచ్చినది శాతము కాదు, సంఖ్య. ఆ సంఖ్య యెట్లు వచ్చినది? బిడ్డ పుట్టగనే తలిదండ్రులు జనాభా పట్టికలో మాతృభాషను నమోదు చేయించుటవలన వచ్చినది.

తలిదండ్రులారా! మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని మన రాజ్యాంగమున 350-ఏ అధికరణము 1956లోనే చేర్చబడినది. కాని లెక్కకు రానివారికి చట్టమేమి చేయగలదు? మన యిండ్లలో కొందరు జనగణనకు వచ్చినవారితో “మరాఠీ అని వ్రాసికొనుడు, హిందీ అని వ్రాసికొనుడు” అనుచున్నారు. మన ఒకటవ తరగతిలో బల్లలు ఏటేట ఖాళీ యగుచున్నవి.

మరాఠీ మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. ఈ నేల మనకు అన్నము పెట్టుచున్నది. ఆ వృద్ధురాలి మనుమడును ఫిన్నిషు నేర్చుచునే యుండును. మేము కోరునవి రెండే. గణకుడు వచ్చినపుడు మాతృభాష తెలుగని చెప్పుడు. జూను నెలలో బిడ్డను మన బడికి తెండు. మిగిలిన శ్రమ మాది.