నాగలికి తగిలిన కాసులు



కాసులపేరు మీకందరికీ తెలుసు. కొందరి మెడలో ఉంటుంది. మిగతావాళ్లు పెళ్లిళ్లలో చూసే ఉంటారు. ఈ రోజు మాట దూరదేశం కాసుల గురించి. అవి రోమను నాణేలు. రోము పట్నం ఇటలీ దేశంలో ఉంది. దాని నాణేలు మన నెల్లూరు మట్టిలో దొరికాయి.

రెండు వందల ఏళ్లు దాటిన సంగతి ఇది. మద్రాసుకు డేవిడ్‌సన్ అనే దొర గవర్నరుగా ఉన్నాడు. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతున్నాడు. నాగలి దేనికో తగిలి ఆగింది. చూస్తే ఇటుకలు. తవ్వాడు. పాడుపడ్డ చిన్న గుడి బయటపడింది. దాని కింద ఓ చిన్న కుండ. కుండలో బంగారు నాణేలు!

రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. పాపం, ఆయనకు చెప్పేవాళ్లెవరు? చాలా నాణేలు కరిగిపోయే ఉంటాయని దొర 1787లో ఒక ఉత్తరం రాశాడు. ముప్పైకి పైగా నాణేలు మాత్రం నవాబు కుటుంబం చేతికి వచ్చాయి. వాటిలో రెండు దొర ఏరుకున్నాడు. ఒకటి హేడ్రియన్ చక్రవర్తిది. రెండోది ఫాస్టినా అనే రాణిది. దొర పేరు మిగిలింది. రైతు పేరు ఆ ఉత్తరంలో లేదు.

కొన్ని నాణేలు నిన్ననే ముద్ర వేసినట్టు ఉన్నాయట. కొన్ని అరిగిపోయాయి, వాటికి రంధ్రాలున్నాయి. ఎవరో మెడలోనో చేతికో కట్టుకొని ఉంటారని దొర రాశాడు. అంటే అప్పటికే కాసులపేరు లాంటి సొమ్ము ఉందన్నమాట!

అంత దూరం నుంచి ఎలా వచ్చాయి? ఓడల మీద. రోము వాళ్లకు మన దేశపు మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్ట కావాలి. వాటికి బంగారం, వెండి ఇచ్చేవారు. తమ సొమ్ము ఏటా ఇండియాకే పోతోందని ప్లినీ అనే రోము పెద్దమనిషి సణిగాడు కూడా. వినుకొండలో, నాగార్జునకొండలో కూడా రోమను బంగారు నాణేలు దొరికాయి.

ఇక వెల మాట. ఆ నాణెం బరువు ఏడెనిమిది గ్రాములు. ఇంచుమించు మన ఒక కాసు బంగారం. కరిగిస్తే బంగారం ధరే వస్తుంది. కరిగించకపోతే? 2020లో లండన్‌లో ఒక వేలం జరిగింది. ఒకే ఒక్క నాణెం 32 లక్షల పౌన్లు పలికింది. మన డబ్బులో 30 కోట్ల రూపాయలు!

ఎందుకంత? సీజరు అనే పాలకుణ్ణి చంపినవాళ్లలో బ్రూటస్ ఒకడు. ఆ నాణెం బ్రూటస్ వేయించింది. దాని మీద రెండు బాకులు, నడుమ ఒక టోపీ ఉన్నాయి. హత్య జరిగిన మార్చి 15 కూడా దాని మీద రాసి ఉంది. అలాంటి బంగారు నాణేలు లోకంలో మూడే తెలుసు.

అయితే కథ అడ్డం తిరిగింది. నాణెం ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది అని చెప్పే కాగితాలు ఉండాలి. పొలానికి పాసుపుస్తకం లాగే. ఈ నాణెం కాగితాలు దొంగవని తేలింది. అమెరికా అధికారులు పట్టుకున్నారు. 2023 మార్చిలో గ్రీసు దేశానికి అప్పగించారు. కోట్లు పోసి కొన్నవాళ్లకు అది దక్కలేదు.

మరి మన చేలో కుండ దొరికితే? మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఉంది. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాసి తెలపాలి. దాస్తే వాటా పోతుంది. ఏడాది దాకా జైలు పడవచ్చు. తెలిపితే, అది తమదని ఎవరూ రుజువు చేయకపోతే, దొరికినవారికి ముప్పాతిక వాటా. పొలం ఆసామికి పాతిక వాటా. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం ఉంటే అదే చెల్లుతుంది. సర్కారు ఆ నిధిని తీసుకుంటే బంగారం ధర కట్టి, అయిదో వంతు కలిపి ఇవ్వాలి.

దొరికిన నాణేలను చింతపండుతో తోమకండి. కుండ పెంకులు పారెయ్యకండి. కంసాలి దగ్గరికి పరుగెత్తకండి. ముందు ఒక కాగితం తియ్యండి. ఏ పొలం, ఎంత లోతు, ఏ తేదీ, ఎన్ని నాణేలు, అన్నీ రాయండి. పైన కలెక్టరు గారికి అని రాయండి. కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి.