అద్దె ఇంటికై కూడబెట్టు సొమ్ము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మొన్న మేమొక గ్రామమున సభ ముగించుకొని వచ్చుచుండగా ఒక రైతు మమ్ము ఆపి, "అయ్యా, పట్నంలో చిన్న ఇల్లు కొని అద్దెకియ్యాలని ఉంది. మూడు పంటల మీద డబ్బు కూడబెడతాను. అందాక ఎక్కడ దాచమంటారు?" అని అడిగెను. ఈ ప్రశ్న మీ అరుగులమీదను వినబడుచునే యుండును.

ముందు ఎంత కావలెనో తెలియవలెను. రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి, 30 లక్షల లోపు గృహఋణము ఇంటి విలువలో నూటికి 90 వంతులు మించరాదు. 20 లక్షల ఇంటికి కనీసము 2 లక్షలు మన చేతినుండి పడవలెను. స్టాంపుల, రిజిస్ట్రేషను ఖర్చులు అదనము. వీనిని మరచినవారే చివరి నెలలో వడ్డీవ్యాపారి గడప తొక్కుదురు.

ఆ రైతు తపాలా కార్యాలయమున రికరింగు డిపాజిట్టు కట్టదలచెను. అది ఐదేండ్లది. మూడేండ్లు నిండిన పిమ్మట మూసివేయవచ్చును గాని, అప్పుడు సేవింగ్సు ఖాతా వడ్డీయే దక్కును. పైగా రైతు చేతికి సొమ్ము నెలనెలా రాదు, పంటకు వచ్చును. కావున మొదటి పంట సొమ్మును రెండేండ్ల టైము డిపాజిట్టులోను, రెండవదానిని ఏడాది డిపాజిట్టులోను, మూడవదానిని సేవింగ్సు ఖాతాలోను ఉంచినచో, మూడును ఒకే అదనుకు చేతికందునని చెప్పితిమి. బంగారము కొని అమ్మినచో మజూరియు తరుగును పోవును. ధర ఆనాటికెట్లుండునో ఎవరెరుగుదురు?

తపాలా పొదుపునకు కేంద్ర ప్రభుత్వము పూచీ. బ్యాంకులలో, సహకార బ్యాంకులతో సహా, ఒక్కొక్క బ్యాంకునందు ఒక్కొక్కరి డిపాజిట్లకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకు బీమా కలదు. 2020కి ముందది లక్ష మాత్రమే. అయితే గ్రామములలోని ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములకు ఈ బీమా వర్తింపదు. సంఘము మనదే కావచ్చును, అధ్యక్షుడు మన బంధువే కావచ్చును; అయినను ఈ మాట దాచరాదు.

అంతయు విని ఆ రైతు, తన సొమ్ములో సగము అప్పటికే ఊరి చీటీలో నున్నదని మెల్లగా చెప్పెను. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టము క్రింద అది నమోదైనదా యని మేమడిగితిమి. "నడిపేవాడు మంచివాడండీ" అనెను. నమోదు కాగితము చూపుమని నడుపువారిని ఒంటరిగా అడుగుట ఆయనకు మొగమాటము. పంచాయతీ సభ్యులు నలుగురు వెంట వెళ్లి అడిగినచో ఆ మొగమాటముండదు. ఆ గ్రామ సభ్యులిద్దరు ఇందుకు ఒప్పుకొనిరి. తరువాతి పాట పౌర్ణమినాడట.