బాబీ ఆర్ క్రీడాజీవితము: తల్లిదండ్రులకు ఒక మనవి
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

వేసవిలో 45 డిగ్రీలు దాటు ఈ చంద్రపూరునందు మంచుమీది ఆటను గూర్చి ముచ్చటింపబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఆట దూరదేశపుదే గాని, అందలి కష్టసుఖములు మన యిండ్లకు దూరమైనవి కావు.

ఐస్ హాకీ యనగా ఇనుప పలకలు గల బూట్లు తొడిగి, గడ్డకట్టిన నీటిపై జాఱుచు, కఱ్ఱతో రబ్బరు బిళ్లను కొట్టు ఆట. పక్షమునకు ఆర్గురు: గోలుకాపరి యొకడు, రక్షకు లిద్దఱు, ముందువరుసవారు మువ్వురు. మన దేశమున లడఖ్ వాసులు చలికాలమందు దీని నాడుదురు.

ఈ యాటలో రక్షకులలో మేటియని పేరొందిన బాబీ ఆర్, కెనడాలో పారీ సౌండ్ అను చిన్న పట్టణమున 1948 మార్చి 20న జన్మించెను. తండ్రి డైనమైటు కర్మాగారమున కార్మికుడు. భద్రావతి మందుగుండు కర్మాగారము నెఱిగిన మనకు అట్టి యింటి సంగతి వేఱుగ వర్ణింప నక్కఱలేదు.

బాలుని నేర్పును గుర్తించి బోస్టన్ బ్రూయిన్స్ సంఘమువారు 14వ యేటనే ఒప్పందము వ్రాయించుకొని, ఒషావా పట్టణపు జట్టున చేర్చిరి. అయినను తల్లి ఆ మొదటి యేడు కుమారుని ఇల్లు విడువనీయలేదు. అతడు స్వస్థలముననే చదువుకొనుచు, వారాంతములందు మాత్రము కారులో పోయి ఆడి వచ్చుచుండెను. జట్టుతో అభ్యాసము లేకున్నను అతని ఆటకు కొఱత కలుగలేదు. ఆ తల్లి పట్టుదలను మీరు గుర్తుంచుకొన గోరుచున్నాము.

18వ యేట, 1966లో, అతడు బోస్టన్ జట్టున ప్రవేశించెను. అంతవఱకు రక్షకుడన సాధారణముగ గోలు కడ నిలిచి ఎదిరి నడ్డగించువాడు. బాబీ యన్ననో బిళ్లను తానే కొనిపోయి గోలు చేసి, మరల వెనుకకు వచ్చి తన స్థానము కాచుకొనెడివాడు. 1968 మొదలు 1975 వఱకు వరుసగా 8 మార్లు ఉత్తమ రక్షకునికిచ్చు నోరిస్ బహుమానము నందెను. 1969-70లో 120 పాయింట్లతో లీగున ప్రథముడయ్యెను; రక్షకు డొకడు ఆ స్థానము పొందుట అదియే మొదలు. 1970 మే 10న అతని గోలుతోనే బోస్టనుకు 29 ఏండ్ల పిమ్మట స్టాన్లీ కప్పు దక్కినది. 1972లోను ఆ జట్టే గెలిచినది.

కాని మోకాలికి పదికి మించి శస్త్రచికిత్సలు జరిగెను. 1976లో అతడు షికాగోకు మాఱెను. వ్యవహారములన్నియు ఆలన్ ఈగిల్సన్ అను న్యాయవాదికి వదలి, అతనిని సంపూర్ణముగ నమ్మియుండెను. బోస్టనువారు తమ సంఘమున 18.5 శాతము భాగమీయ జూపిన సంగతి తనకు తెలియనీయలేదని బాబీ తరువాత చెప్పెను. షికాగో పక్షమున 26 ఆటలు మాత్రమే యాడి, 1978లో, 30వ యేట విరమించునప్పటికి ఆర్జించినదంతయు దాదాపు హరించిపోయినది. ఆ న్యాయవాది 1998లో మోసపు నేరము లొప్పుకొని చెఱసాలకేగెను. బాబీ మాత్రము క్రుంగిపోలేదు. అనంతరకాలమున యువ క్రీడాకారుల ఒప్పందములు చూచు పనిని తానే చేపట్టెను.

తల్లిదండ్రులారా! 2014లో ప్రో కబడ్డీ లీగు ఆరంభమైన నాటినుండి మన పల్లెయాట సైతము జీవనోపాధి యైనది. మన బిడ్డలకును పిలుపు రావచ్చును. మన యింటి భాష తెలుగు, కచేరి భాష మరాఠీ, ఒప్పందము ఇంగ్లీషున నుండును. అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గుపడి సంతకము చేయువారు మనలో లేకపోలేదు. అట్టి కాగితము వచ్చిననాడు దానిని పాఠశాలకు తెండు. మేము ప్రతి పంక్తియు తెలుగున చదివి వినిపింతుము. గడువు ముగియునని తొందరపెట్టువానికి, "రేపు చెప్పెదము" అనుడు. బిడ్డను ఆడనిండు, చదువు మాత్రము మాననీయకుడు.