ఏ ఈడుకు ఆ పాఠం

 

మనిషి ఏ వయసులో ఏం నేర్చుకుంటాడో నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. మేము హాస్టల్ వార్డెన్లం. మూడో తరగతిలో అమ్మ కొంగు వదలకుండా వచ్చిన పిల్లను పదో తరగతి దాటించి పంపేదాకా మా కళ్ల ముందే ఉంచుకుంటాం. అందుకని మేము చూసిందే చెబుతాం.

మొదటి పాఠాలు ఇంట్లోనే మొదలవుతాయి. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలే రోజులు మీకు తెలుసు. తెల్లవారకముందే అవ్వ వెంట గంప పట్టుకుని వెళ్లాలి. పొద్దెక్కితే పువ్వును పశువులు తినేస్తాయి. రాలిందే ఏరాలి, కొమ్మ విరవకూడదు. ఎందుకంటే అదే చెట్టు కొన్నాళ్లకు గింజ ఇస్తుంది, ఆ గింజ నూనె ఇస్తుంది. ఆరేళ్ల పిల్లకు ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అవ్వ పక్కన నడిస్తే వచ్చేస్తుంది.

ఎనిమిదేళ్లకు ఆ పిల్ల హాస్టల్‌కు వస్తుంది. ఇంట్లో గోండి, సంతలో మరాఠీ, బడిలో తెలుగు. మొదటి నెలల్లో చాలామంది నోరు విప్పరు. కడుపునొప్పి వచ్చినా చెప్పుకోలేరు. అప్పుడు మాకు ఆసరా ఎవరంటే, ఆ ఊరి నుంచే వచ్చిన ఎనిమిదో తరగతి అక్క. చిన్నదాని మాట మాకు చెబుతుంది, మా మాట దానికి చెబుతుంది. జడ వేస్తుంది, బట్టలు ఉతుక్కోవడం నేర్పుతుంది. చిన్నది అక్షరాలు నేర్చుకుంటుంటే, పెద్దది ఇంకొకరి బాధ్యత తీసుకోవడం నేర్చుకుంటుంది. ఒకే గదిలో రెండు వయసులు, రెండు పాఠాలు.

మేము బీఈడీలో పిల్లల మనస్తత్వం గురించి చాలా చదివాం. అది పనికొచ్చింది. కానీ ఒక విషయం మాత్రం ఈ గదుల్లోనే అర్థమైంది. ఏ వయసు పాఠమైనా ఒంటరిగా రాదు. పక్కన ఇంకో వయసు మనిషి ఉండాలి.

మన ఆచారాల్లో ఈ సంగతి ముందు నుంచీ ఉంది. దండారి రోజులు చూడండి. పదహారు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు గుస్సాడీ వేషం కడితే, అది విప్పేదాకా స్నానం చేయడు, నియమం తప్పడు. పొరుగూరికి అతిథిగా వెళ్లి అక్కడి పెద్దల మాట ప్రకారం నడుస్తాడు. కేస్లాపూర్‌లో మెస్రం వంశపు కొత్త కోడళ్లకు భేటింగ్ జరుగుతుంది. తెల్లచీర కట్టుకుని నాగోబా ముందుకు, వంశపు పెద్దల ముందుకు వస్తారు. తాను ఎవరి మధ్యకు వచ్చిందో ఆ అమ్మాయికి ఆ రోజు తెలుస్తుంది. జాతర కోసం గోదావరి జలం తేవడానికి నడిచి వెళ్లే దారిలో పెద్దలూ యువకులూ కలిసే నడుస్తారు. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అంత పేరు వచ్చిన వయసులోనూ ఆయన కుర్రాళ్లకు అడుగులు నేర్పారు. 2024లో మనల్ని విడిచి వెళ్లారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆ అడుగు మిగిలింది.

మరి మీ వయసు పాఠం ఏమిటి? ఇరవై ఏళ్లకు చదువో ఉద్యోగమో బయటికి లాగుతుంది. వెళ్లండి. కుమ్రం భీం కూడా యువకుడిగా అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లారని, చదవడం రాయడం ఊరు విడిచి తిరిగిన రోజుల్లోనే నేర్చుకున్నారని మన పెద్దలు చెబుతారు. నేర్చుకున్నది వెంట తెచ్చుకున్నారు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది తన వాళ్ల కోసమే.

ఆ పోరాటం తర్వాత మన ప్రాంతానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో బడి పెట్టించినప్పుడు, పంతుళ్లను పట్నం నుంచి తెచ్చి ఊరుకోలేదు. గోండు యువకులనే ఎంచి, శిక్షణ ఇప్పించి, పల్లెలకు పంపారు. గోండిలో వాచకాలు తయారు చేయించారు. ఆ పంతుళ్లు అప్పుడు మీ ఈడు వాళ్లే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. దసరా సెలవుల తర్వాత మా హాస్టళ్లలో కొన్ని ట్రంకు పెట్టెలు ఉంటాయి, పిల్లలు ఉండరు. పత్తి ఏరడానికి ఆగిపోతారు. కొందరు ఆడపిల్లలకు పద్దెనిమిది నిండకముందే సంబంధం చూస్తారు. మేము ఫోన్ చేస్తాం, ఊరికి వెళ్తాం. ఒక్కోసారి మా మాట పనిచేయదు, మేము బయటివాళ్లలా కనిపిస్తాం. అదే ఊరిలో ఇంటర్ చదివిన అన్న బండి మీద ఎక్కించుకుని తీసుకొస్తే ఆ పిల్ల వస్తుంది. "మా పిల్లను నువ్వే దింపు బాబూ" అని ఆ తల్లే అంటుంది.

ఇంకో పక్క, మీ ఇంట్లో అవ్వ ఉంది, తాత ఉన్నాడు. ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో, మీ సగ కథ ఏమిటో వాళ్లకు తెలుసు. కిక్రి వాయిస్తూ ఆ కథలు పాడే ప్రధాన్లు ఇంకా ఉన్నారు. హాస్టల్లో పెరిగిన పిల్లకు ఆ కథ చేరాలంటే, అవ్వ గోండీ తెలిసి, పిల్ల తెలుగూ తెలిసినవాళ్లు కావాలి. ఆ రెండూ వచ్చింది మీ తరానికే. మీరు సిగ్గుపడి గోండి మాట్లాడటం మానేస్తే, అవ్వ ఒక ఒడ్డున, పిల్ల ఒక ఒడ్డున ఉండిపోతారు.

అందుకే మూడు పనులు అడుగుతున్నాం. సెలవుల తర్వాత మీ ఊరి పిల్లలు తిరిగి బడికి వెళ్లారో లేదో మీరే చూడండి. పది తప్పిన తమ్ముడు ఉంటే సప్లిమెంటరీకి ఫీజు కట్టించి, రోజూ ఒక గంట పక్కన కూర్చోండి. చేతిలో ఫోన్ ఉంది కదా, ఈ ఎండాకాలం అవ్వ చెప్పే కథ ఒకటి రికార్డు చేసి, మా హాస్టల్‌కు వచ్చి పిల్లలకు వినిపించండి. తలుపు తీసే ఉంచుతాం.

నలభై దాటిన మేము ఇప్పుడు నేర్చుకుంటున్న పాఠం కూడా చెప్పి ముగిస్తాం. పని మీ చేతికి ఇచ్చి, కాస్త పక్కన నిలబడటం.

జై సేవా.