సర్ ఆర్థర్ కాటన్: ఇనుపదారి, నీటిదారి



సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే ధవళేశ్వరము ఆనకట్ట జ్ఞప్తికి వచ్చును. కాని అంతకు ముందే ఆయన నేలను కొలిచినవాడు, ఇనుపదారి వేయించినవాడు. అట్టివాడు తుదకు నీటి పక్షమున ఏల నిలిచెనో, చెరువును నమ్మి బ్రతుకు బుక్కపట్నము వంటి సీమ తెలిసికొనదగినది.

1803లో జన్మించిన కాటన్ 1821లో చెన్నపట్నము చేరి ఇంజనీర్ల దళమున పనిచేసెను. రామేశ్వరము చెంత పాంబన్ జలమార్గమును సర్వే చేయుట ఆయన తొలి పనులలో నొకటి. 1837లో రెడ్‌హిల్సు నుండి చింతాద్రిపేటకు ఆయన పూనికతో చిన్న రైలుదారి ఏర్పడెను. బాటలు వేయుటకు రాయి చేరవేయుటయే దాని పని. బొంబాయి ఠాణాల నడుమ ప్రయాణికుల రైలు నడచిన 1853వ సంవత్సరమునకు అది పదునారేండ్లు ముందు.

కావేరిపై పనిచేయునప్పుడు ఆయన చోళులనాటి కల్లణైని శ్రద్ధతో పరిశీలించెను. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశపు పూర్వులే నేర్పిరని దాపరికము లేక వ్రాసెను. ఆ విద్యతోనే గోదావరి సీమను పరిశీలించి, 1847 మొదలు 1852 వరకు నాలుగు పాయలపై ఆనకట్ట కట్టించెను. పనివారిని కూడగట్టుటలో వీణం వీరన్న ఆయనకు కుడిభుజమయ్యెను. కఱవులకు చిక్కిన డెల్టా పచ్చబడెను.

ఆయన ఆలోచన రాయలసీమను విడువలేదు. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మళ్లించి కర్నూలు, కడపలకు కాలువ త్రవ్వించిన కంపెనీకి ప్రేరకుడాయనయే. కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. కాటన్ అంచనాలు మితిమీరిన ఆశతో కూడినవను విమర్శ నిరాధారము కాదు. అయినను 1876-78 నాటి ఘోర క్షామము ఆయన మూలసూత్రమును బలపరచెను. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుట, రైళ్లకన్న ముందు కాలువలు కావలెనని ఆయన వాదించెను.

19వ శతాబ్దాంతమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా రైలు వచ్చెను, అది మేలే. కాని రైలు ధాన్యమును తేగలదు, పండింపజాలదు. చిత్రావతి నీటిని నిలుపుటకు విజయనగర కాలమున కట్టిన బుక్కపట్నము చెరువు పండింపగలదు. కాటన్ కల్లణైని చూచినట్లు ఈ ఊరి యువకులు ఆ చెరువును చూడవలెను: కట్టను కొలువవలెను, పూడికను లెక్కింపవలెను, తూములను కాపాడవలెను. పూర్వుల పనిని పొగడుట సులభము. దానిని నిలుపుకొనుటయే అసలు గౌరవము.