ఆ బెంచీ ఎందుకు మారాను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ల్యాబ్‌లో ఏం చేస్తావో నాలుగు ముక్కల్లో చెప్పు" అన్నారు మన కార్యదర్శి. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునే మిత్రుడికి ఒంటి మీద కాఫీరంగు మచ్చలు, చేతుల మీద మెత్తటి బొడిపెలు ఉండేవి. అంటుకుంటాయని ఎవరో అంటే నేను బెంచీ మారాను. సైన్సు మేష్టారు ఒక్క మాటా అనలేదు. వెళ్లి వాడి పక్కన కూర్చునే ఆ రోజు పాఠం చెప్పారు.

ఆ జబ్బు న్యూరోఫైబ్రోమటోసిస్, మొదటి రకం. సుమారు 3,000 మందిలో ఒకరికి పుట్టుకతో వస్తుంది. అంటువ్యాధి కాదు. 17వ క్రోమోజోములోని ఒక జన్యువు దెబ్బతినడమే కారణం. దాదాపు సగం మందిలో ఆ లోపం కొత్తగా పుడుతుంది, తల్లిదండ్రుల్లో ఉండదు. 1990లో గుర్తించిన ఆ జన్యువు, కణం పెరుగుదలకు బ్రేకు వేసే ప్రొటీను తయారుచేస్తుంది. నరానికి తొడుగులా ఉండే ష్వాన్ కణంలో దాని రెండు ప్రతులూ పోతే గడ్డ మొదలవుతుంది.

ఆ మొదలును మనిషిలో చూడలేం. ఆపరేషన్‌లో తీసేనాటికే గడ్డ ఏర్పడిపోయి ఉంటుంది. అందుకే ల్యాబ్‌లో పెంచుతాం. రోగి ఇచ్చిన కాస్త చర్మంలోని కణాలను మూలకణాలుగా మారుస్తాం. ఈ విద్యను యమనాకా 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో చేసి చూపారు. 2012లో నోబెల్ అందుకున్నారు. వాటిని వారాల తరబడి మెల్లగా ష్వాన్ కణాల దారి పట్టిస్తాం. గడ్డలో ఒక్క రకం కణమే ఉండదు కాబట్టి, ఫైబ్రోబ్లాస్టులు కూడా కలిపి చిన్న ఉండలుగా పెంచుతాం. పక్కనే జన్యువు బాగున్న కణాలతో మరో ఉండ. రెండింటి తేడాలోనే మా పాఠం. ఆదివారమైనా, సంక్రాంతి అయినా పోషకద్రవం మార్చాల్సిందే.

అయితే ఆ ఉండ అసలు గడ్డ కాదు. రక్తనాళాలుండవు. అక్కడ పనిచేసిన మందు మనిషిలో పనిచేస్తుందని హామీ లేదు. ఆపరేషన్‌కు వీల్లేని గడ్డలున్న పిల్లలకు సెల్యూమెటినిబ్ అనే మందును 2020లో అమెరికాలో అనుమతించారు. చాలామందిలో గడ్డ చిన్నదవుతుంది, మాయం కాదు. ఇంకా పని ఉంది.

ఇక్కడి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పిల్లల ఒంటి మీద అలాంటి మచ్చలు ఆరో, అంతకు మించో కనిపిస్తే డాక్టరుకు చూపించమని ఇంట్లో చెప్పండి. ఆ పిల్లవాడి పక్కన బెంచీ ఖాళీగా ఉండనివ్వకండి.

నా మిత్రుడు మూడో వరుసలో ఉన్నాడు. వాడి అనుమతి అడిగే ఇదంతా చెప్పాను. ఒరేయ్, కాస్త జరుగు. భోజనాల దగ్గర నీ పక్కన నేను కూర్చుంటాను.